నాలుగూ బొమ్మలే

మా గుంటూరు వైపు పేకాటంటే పదమూడు ముక్కలు. పెళ్లింట్లో, పురిటింట్లో, రైల్లో, ఎక్కడ నలుగురు చేరినా అదే. అందులో నన్ను మించినవాడు లేడని నాకో నమ్మకం ఉండేది. తొంభై ఒకటిలో బదిలీ మీద హైదరాబాదు వచ్చి, హుస్సేనీ ఆలంలో మొగులయ్య ఇంటి మేడ మీద రెండు గదుల్లో దిగాక ఆ నమ్మకానికి నీళ్లొదులుకున్నాను.

మేడ మీద మేము, కింద బర్రెల కొట్టం. మా ఆవిడ మైథిలి మొదటి నెలంతా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మెట్లు దిగేది. రెండో నెలకల్లా ఆ కొట్టంలోనే పీట వేసుకుని మొగులయ్య భార్య లలితమ్మతో కబుర్లలో పడింది. తాతల నాటి నుంచి వాళ్లది పాల వ్యాపారం. మొగులయ్య పొడగరి, మాట తక్కువ. బర్రెలతో తెలుగు, పాలు పోయించుకునే ఇళ్లవాళ్లతో ఉర్దూ. నాతో మాత్రం మొదట్లో కాస్త బెరుకు. "మీరు రేడియోల వార్తలు చదివినట్టు మాట్లాడ్తరు సారూ, నాకు నవ్వొస్తది" అని ఒకరోజు పైకే అనేశాడు. ఆ తర్వాత బెరుకు పోయింది.

పొద్దున్నే పాలు పిండి, ఇళ్లకు పోసి వచ్చాక, మళ్లీ మధ్యాహ్నం పాలు పిండే వేళ వరకు ఆయనకు తీరిక. ఆ తీరికంతా కొట్టం ముందు నులక మంచం మీద పత్తాలతో గడిచేది. పేకముక్కల్ని అక్కడ పత్తాలంటారు. వాళ్ల ఆట నాలుగు పత్తాలది. చేతికి నాలుగు ముక్కలు పంచుతారు. చూసుకుని, పనికిరాదనుకున్న ఒకదాన్ని బోర్లా పారేయాలి. మిగిలిన మూడింటితో ఆట. మూడు తొమ్మిదుల్లా మూడూ ఒకే రకమైతే అన్నిటికన్నా గొప్ప. దాని తర్వాత వరసగా వచ్చినవి, తర్వాత ఒకే గుర్తువి, ఆ కింద జంట. బలం ఉందనుకుంటే చింతగింజలు ముందుకు తోస్తూ పోవాలి. లేదనుకుంటే 'ప్యాక్' అని ముక్కలు బోర్లా పెట్టి తప్పుకోవాలి. ఇందులో ఏముంది బ్రహ్మవిద్య అనుకున్నాను. మరుసటి ఏడు చలికాలంలో కర్ఫ్యూ పెట్టి ఆఫీసు మూసిన రోజుల్లో ఆ మంచం మీద కూర్చుని, లలితమ్మ ఇచ్చిన గింజలన్నీ ఓడి, మళ్లీ అడుక్కుని అవీ ఓడాను.

"జంట పడంగనే మురుస్తరు సారూ మీరు" అన్నాడు మొగులయ్య. "మూడు పత్తాల ఆటల జంటొస్తే మస్తు. గీడ నాలుగిస్తరు గదా. మీకు నాలుగొస్తే ఎదుటోనికీ నాలుగొస్తయ్. అందరికీ ఏదో ఒకటి తగుల్తది. నలుగురు కూసున్నకాడ చిన్న జంటను నమ్ముకోని పోయినోడు మునిగినట్టే."

"మరి ఇద్దరే ఉంటే?"

"ఇద్దరే ఉంటే సగం నమ్మొచ్చు. సగమే."

ఇంకా చెప్పేవాడు. "ఎదుటోని మొకం జూడకుండ్రి. మొకం ఎవడైనా దాస్తడు. పారేసే చెయ్యి జూడుండ్రి. దబ్బున పారేసిండంటే వానికి మూడు కుదిరినట్టు. ఆగి ఆగి పారేసిండంటే రెండు తోవల నడుమ ఉన్నడు, రెండూ గట్టియి గావు." ఇంకో మాట కూడా ఉండేది. "నాలుగూ బొమ్మలే వచ్చినయనుకోండ్రి, కండ్లు మూసుకోని పోవుడే. ప్యాక్ అన్న మాటనే లేదు." ఎందుకని అడగబోయి నేనే లెక్క కట్టుకున్నాను. గులాం, రాణి, రాజు, బొమ్మలు మూడు రకాలే. నాలుగు ముక్కలూ బొమ్మలైతే ఏదో ఒక రకం రెండుసార్లు వచ్చి తీరాలి. ఎంత లేదన్నా పెద్ద జంట చేతిలో ఉన్నట్టే.

ఇవేమీ గొప్ప రహస్యాలు కావు. కొన్నేళ్లు ఆడిన ప్రతివాడికీ తెలిసేవే. తెలిసీ ఆగలేక మునుగుతాం. మొగులయ్య ఆగేవాడు. ఆట మీద ఆట ప్యాక్ చేస్తూ, బీడీ పీల్చుకుంటూ, మనం ఆయన సంగతి మర్చిపోయాక ఒకసారి గింజలు ముందుకు తోసేవాడు. ఆ తోపుతో మన గింజలన్నీ ఆయన ముందు ఉండేవి.

ఏడాదికొక్కనాడు మాత్రం ఆ ఇంట్లో ఈ ఆట కాలక్షేపం కాదు. దీపావళి వెళ్లాక వచ్చే సదర్ పండగకు పాలవాళ్లు తమ దున్నపోతుల్ని కడిగి, ఒంటికి నూనె పట్టించి, కొమ్ములకు పూలు, మెడకు గవ్వల పట్టెలు కట్టి డప్పులతో ఊరేగిస్తారు. ఆ దున్న పగ్గం పట్టి ముందు నడిచేవాడికి ఆ రోజు జరిగే మర్యాద పెళ్లికొడుక్కి కూడా జరగదు. మొగులయ్య తాత రోజుల్లో ఆ పగ్గం కోసం అన్నదమ్ములు కట్టెలతో కొట్టుకున్నారట. ముసలాయన విసిగిపోయి, దీపావళి నాటి పగలు నాలుగు పత్తాలు ఆడి గెలిచినవాడే పగ్గం పట్టాలని కట్టడి చేశాడు. పగ్గం ఒకరిస్తే ఇంకొకరు తీసుకోకూడదు, గెలుచుకోవాలి. ఇంకో నియమం, పారేసిన పత్తాను ఎవరూ తిరగేసి చూడకూడదు.

నేను వచ్చిన నాటి నుంచీ పగ్గం మొగులయ్యదే. ఆయన తమ్ముడు అంజన్‌కు దాని మీద పంచప్రాణాలూ ఉండేవి. అన్న ఎంత నిదానమో తమ్ముడంత దూకుడు. ప్యాక్ అనే మాట వాడి నోట వినే భాగ్యం మాకెవరికీ కలగలేదు. ఎంత చెత్త చెయ్యి పడ్డా చివరిదాకా పోయి, ఓడి, నవ్వి లేచేవాడు. అప్పటి దున్న పేరు భీముడు. అది పుట్టిన రోజునే తల్లి బర్రె చచ్చిపోతే అంజన్ సీసాతో పాలు పట్టి సాకాడు. అది ఇంకెవరు పెట్టినా తినేది కాదు, వాడు పెడితేనే తినేది. పండగ రోజు మాత్రం దాని ముందు అన్న నడిచేవాడు, వాడు వెనక నడిచేవాడు. ఒక్కసారైనా పగ్గం పట్టాలని ఉన్నట్టు వాడు నోరు తెరిచి అనలేదు. అనకపోయినా ఇంట్లో అందరికీ తెలుసు.

"ఒక్క ఏడు వాడికి ఇచ్చేయరాదూ" అన్నాను ఒకసారి మొగులయ్యతో.

"ఇస్తే తీస్కుంటడా సారూ? వాడు మా తాత మనుమడు" అన్నాడు.

తొంభై నాలుగు దీపావళికి ఆ మంచం చుట్టూ చిన్నాయన కొడుకులు, బావమరుదులు చాలామంది చేరారు. నేనూ ఒక మూల కూర్చున్నాను. ఒక్కొక్కరే గింజలు ఓడి లేచిపోగా అన్నదమ్ములిద్దరూ మిగిలారు. ఆఖరి చెయ్యి పంచారు. మొగులయ్య నాలుగు ముక్కలూ విప్పి చూశాడు. చూసి ఆగాడు. నేను ఆయన ఆట మూడేళ్లుగా చూస్తున్నాను, పారేయడానికి ఆయన అంతసేపు ఆగడం ఎన్నడూ చూడలేదు. తర్వాత ఒక ముక్క బోర్లా పారేసి, గింజలన్నీ ముందుకు తోశాడు. అంజన్ కూడా తోశాడు. ముక్కలు తిప్పారు. అంజన్‌వి ఎనిమిది, తొమ్మిది, పది వరస. మొగులయ్యవి రెండు రాజులు, ఒక ఏడు. ఉత్త జంట.

కొట్టమంతా ఈలలు. ఎవరో అప్పుడే వెళ్లి పగ్గం పట్టుకొచ్చి అంజన్ మెడలో వేశారు. లలితమ్మ కళ్లు ఒత్తుకుంటూ మరిది నోట్లో చక్కెర పోసింది. వాడు మాత్రం నవ్వడం లేదు. అన్న ఆగడం నేను చూశానంటే, పుట్టినప్పటి నుంచి ఆ అన్నతో ఆడినవాడు చూడకుండా ఉంటాడా? ముక్కలు పోగుచేస్తున్నట్టు చెయ్యి చాచి, అన్న పారేసిన ముక్కను తిరగేశాడు. మూడో రాజు.

ఈలలు ఆగిపోయాయి.

"మూడు రాజులు పెట్టుకోని ఒకటి పారేసినవా అన్నా?" అన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది. "నన్ను గెలిపిస్తవా నువ్వు? నన్ను?"

"గట్ల గాదురా..." అని మొగులయ్య ఏదో అనబోయాడు. అంజన్ మెడలోంచి పగ్గం తీసి మంచం మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ ఏడు సదర్‌లో భీముడి పగ్గం చిన్నాయన కొడుకు పట్టాడు.

బయటివాళ్లకిది పిచ్చిగా తోస్తుంది, నాకూ అలాగే తోచింది. తమ్ముడి మీద ప్రేమ కొద్దీ ఓడాడు, దానికింత లొల్లి ఎందుకని మైథిలితో అన్నాను. కానీ ఇవ్వకూడనిదాన్ని మొగులయ్య దొంగతనంగా ఇచ్చాడు. నలుగురి ముందూ గెలిచాననుకుని పగ్గం మెడలో వేయించుకున్నవాడికి, అది బిచ్చమని తెలిస్తే ఎలా ఉంటుందో ఆయన ఆలోచించలేదు. తిరగేయకూడని ముక్కను వాడూ తిరగేశాడు. ఇద్దరూ తప్పే చేశారు, ఇద్దరిలో ఒక్కరూ చెడ్డవాడు కాడు. అందుకే ఆ తగువు తీర్చడం ఎవరి వల్లా కాలేదు.

సంక్రాంతి లోపలే అంజన్ వాటా బర్రెల్ని అమ్ముకుని, భార్య ఆండాలును తీసుకుని సంతోష్‌నగర్ వెళ్లిపోయాడు. ఆటో నడుపుకునేవాడు. పిల్లల్లేరు. అన్న గడప తొక్కలేదు. పుష్కరం దాటిపోయింది. మధ్యలో భీముడు ముసలిదై చచ్చిపోయింది. కబురు పంపితే ఆ రోజు మాత్రం వచ్చి, గుంతలో ఉప్పు తన చేత్తో పోసి, అన్న వైపు చూడకుండా వెళ్లిపోయాడు.

ఆ ఏళ్లన్నిటిలో రెండిళ్లకూ మధ్య వంతెన నా స్కూటరే. బర్రె ఈనినప్పుడల్లా లలితమ్మ జున్నుపాల క్యాను నా చేతికిచ్చి, "మీ ఆఫీసు పని మీద అటు పోతరేమో గదా సారూ" అనేది. నా ఆఫీసు ఎటుందో ఆమెకు బాగా తెలుసు. మొగులయ్య అక్కడే గడ్డి వేస్తూ ఏమీ విననట్టు ఉండేవాడు. అక్కడ అంజన్ కూడా క్యాను చూసి ఏమీ అనేవాడు కాదు. ఆండాలు క్యాను కడిగి, ఉత్తది పంపకూడదని గుప్పెడు చింతపండో, నాలుగు ఎండుమిరపకాయలో వేసి ఇచ్చేది. ఆ మిరపకాయలు మొగులయ్య తన కంచంలోనే వేయించుకుని తినేవాడు. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇంత ప్రేమ ఉన్నవాళ్లు ఒక్క మాట మాట్లాడుకుంటే పోయేదేముంది?

రెండువేల ఏడు నాటికి అంజన్ కిడ్నీలు రెండూ చెడిపోయాయి. కాళ్లు వాచి, మొహం పాలిపోయి, ఆటో ఇంటి ముందు దుమ్ము పట్టింది. దీపావళి ముందురోజు ఆండాలు ఫోను చేసింది. "రేపు పత్తాలు తీస్కోని రమ్మంటుండు బావను. వేరే ఎవ్వరొద్దన్నడు, మిమ్మల్ని తప్ప."

మొగులయ్య ఆ సాయంత్రమే అఫ్జల్‌గంజ్ వెళ్లి కొత్త పేక కొన్నాడు. పొద్దున నా స్కూటరు వెనక కూర్చుని సంతోష్‌నగర్ వచ్చాడు.

అంజన్ మంచం మీద కూర్చోలేకపోతుంటే ఆండాలు వాడి వీపు వెనక ఆసరాగా కూర్చుంది. అన్నదమ్ములు చాలాసేపు ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు.

"ఎవలున్నరు ఈ యేడు?" అన్నాడు అంజన్.

"భీముని మనుమడు. దానిలెక్కనే మొండిది."

"పగ్గం నాక్కావాలె. పంచు, ఒక్కటే చెయ్యి. ఎక్కువసేపు కూసోలేను." తర్వాత అన్న కళ్లలోకి చూశాడు. "ఈసారి నాకు పారేసినవో, నా పాడె గూడ మొయ్యనియ్య నిన్ను."

మొగులయ్య తల ఊపాడు. పంచాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను కనుక ఆయన ముక్కలు నాకు కనబడ్డాయి. ఐదుల జంట, ఒక రెండు, ఒక తొమ్మిది. ఆయన వెంటనే రెండును పారేశాడు. అంజన్ కూడా తన నాలుగూ విప్పి చూసి ఒకటి పారేశాడు. ఆ చెయ్యి చూసి చెప్పడానికేమీ లేదు, జబ్బుతో అది పొద్దస్తమానం వణుకుతూనే ఉంది. అంజన్ గింజలు తోశాడు. మొగులయ్య తన ముక్కల వైపు చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఆయనా తోశాడు. అంజన్ ఇంకోసారి, ఆయన ఇంకోసారి.

అప్పుడు అంజన్ మూడు ముక్కలూ బోర్లా పెట్టేశాడు. "ప్యాక్. పగ్గం నీదే పో అన్నా."

అని నవ్వాడు. "మంచిగ ఆడినవ్ ఈసారి" అన్నాడు. మొగులయ్య తమ్ముడి వాచిన పాదాల మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు. ఆండాలు చాయ్ పెట్టడానికి లేస్తూ ముక్కలన్నీ కలిపేసి పెట్టెలో పెట్టింది. ఆ పూట వాళ్లిద్దరూ భీముడి గురించి, చిన్నప్పుడు మూసీ ఒడ్డుకు బర్రెల్ని తోలుకెళ్లిన రోజుల గురించి మాట్లాడుకున్నారు. నన్ను అక్కడే అన్నం తినమన్నారు. ఇన్నేళ్లు జున్నుపాలు మోసిన కూలి ముట్టిందనుకున్నాను.

తిరిగి వస్తూ అడగకుండా ఉండలేకపోయాను. "ఐదుల జంటతో పోయారేం? మీరైతే ప్యాక్ చేయాలి కదా?"

"నలుగురున్నకాడైతే చేస్తుంటి. ఇద్దరే ఉన్నకాడ సగం సగం గదా సారూ. నిజంగ ఏది నాయమో నాకే తెల్వకపాయె" అన్నాడు. "ప్యాక్ చేస్తే మల్ల పారేసిండు అనుకుంటడు. అందుకే పోయిన. ఓడిపోవాలె ఓడిపోవాలె అని మొక్కుకుంట పోయిన. దేవుడు ఇన్లే." మళ్లీ తనే, "పోనీ, ఈసారైతే వాణ్ణి మోసం చెయ్యలే" అన్నాడు. ఆ మాటలో సంతోషం ఉంది.

సదర్ రోజు పగ్గం మొగులయ్యే పట్టాడు. డప్పుల మధ్య నేను ఆండాలుకు ఫోను చేసి, సెల్లు పైకెత్తి పట్టుకున్నాను. దున్న మెడ గజ్జెలు వినబడాలని దాని దగ్గరికి కూడా పోయి, కొమ్ముకు దొరక్క బతికిపోయాను. అవతల అంజన్ "ఇంటున్న, ఇంటున్న" అన్నాడు. పగ్గం ముట్టకుండానే కార్తీకంలో పోయాడు. పాడె ముందు కొమ్ము మొగులయ్యే పట్టాడు, పట్టనిచ్చాడు తమ్ముడు అనుకుని ఆ ఏడుపులోనే కొంత ఊరట పడ్డాడు.

పదో దినం నాడు భోజనాలయ్యాక ఆండాలు ఆ పేక పెట్టె తెచ్చి బావగారి ముందు పెట్టింది. "మీ పత్తాలు బావా. గా రోజు ఈడనే ఉండిపాయె." పెట్టి, అక్కడే గోడకు ఆనుకుని కూర్చుంది. "గా రోజు ఆయన ఎట్ల ఓడిండో నాకు సమజ్ గాలే. నాకు ఆట తెల్వదు గని, చూడనీకి ఎంత మంచిగుండె! అన్నీ బొమ్మలే."

మొగులయ్య పెట్టె మీద వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"అన్నీ అంటే? నాలుగూనా?"

"నాలుగూ బొమ్మలే బావా. గడ్డపోళ్లు ఇద్దరుండిరి. ఆయన చూసి నవ్విండు గూడ."

గడ్డం ఉన్న బొమ్మ రాజు ఒక్కడిదే. రాజుల జంట చేతిలో పెట్టుకుని, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అనని మాట అన్నాడు అంజన్. ఐదుల జంటకు లొంగిపోయాడు. వాచిన కాళ్లతో తాను ఎలాగూ దున్న ముందు నడవలేనని వాడికి తెలుసు. గెలిస్తే అన్న మీద మళ్లీ అనుమానం మిగులుతుంది. ఓడితే అన్న నిజంగా ఆడాడన్న మాట ఒకటి మిగులుతుంది. పగ్గం కావాలని అడిగింది కూడా అందుకే, అన్న గట్టిగా ఆడాలని.

మొగులయ్య లేచి బయటికి వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను. ఇంటి ముందు దుమ్ము పట్టిన ఆటో పక్కన నిలబడి ఉన్నాడు. మొహం ఎర్రబడింది.

"నన్ను గెలిపిస్తడా సారూ వాడు?" అన్నాడు. "నన్ను?"

ఆ మాట ఆ గొంతులోనే పదమూడేళ్ల కింద కొట్టం ముందు విన్నాను. ఆయనకూ గుర్తొచ్చినట్టుంది. ఆటో సీటు మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. పాడె మోసేటప్పుడు కూడా అంత ఏడవలేదు. నేను భుజం మీద చెయ్యి వేశాను.

చాలాసేపటికి తల ఎత్తాడు.

"వానికి కోపమొస్తే నన్ను ఇడిచిపెట్టి ఈడికొచ్చిండు" అన్నాడు. "ఇప్పుడు నాకొచ్చింది. నేనేడికి పోవాలె సారూ?"